తెలిసినవాడికే చెప్పాను

ఆసుపత్రి కుట్టుగది,
భోజనాల వేళ

మరదలికి,

ప్రభువు కృప నీకు తోడుండాలి. నవ్వకు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా, ఈ మాట రాయందే నాకు కలం కదలదు. రోజంతా ఫోన్లు ఎత్తే ఉద్యోగం నీది. ఇంటికొచ్చాక ఫోన్ మోగితే మనిషిని కొరికేలా పలుకుతావు. అందుకే ఉత్తరం రాయడం.

నువ్వు చెప్పిన మోకాళ్ళ వ్యాయామం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. కుర్చీలోంచి కదలని చెల్లెలు కుర్చీలోంచి కదలని అన్నకి చెప్పిందన్నమాట అన్నారు. చేయరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మన చర్చిలో జనం ఇంకా పలచబడ్డారు. ముందు వరుసల్లోకి రండి అని పాస్టర్ గారు బతిమాలుతున్నారు. వెనకెనక కూర్చుంటే ఖాళీ అంతా ఆయన ముందే కనిపిస్తుందట. వారం మధ్యలో హాలుని వ్యాయామాల వాళ్ళకి అద్దెకి ఇస్తున్నారు. ఆదివారం పొద్దున మేం వెళ్ళేసరికి గదంతా చెమట వాసన, మూలన చుట్టిన చాపలు. ఒకసారి సిలువ మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. నాకు కోపం రాలేదు. అదేమిటో పాపం వాళ్ళకి తెలియదు, తగిలించడానికి పెట్టిన కొయ్య అనుకున్నారు. కోపం వచ్చుంటే బాగుండేది. దిగులు వేసింది.

మొన్న బస్టాపులో కరపత్రాలు పంచాను. పూర్వం తిట్టేవాళ్ళు, చింపి ముఖాన కొట్టేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ తిట్టరు. ఒక కుర్రాడు తీసుకుని, చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టి, "ఎక్కడో పారేయాల్సి వస్తుందండీ, మీకే బాధ" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో.

ఏడాది తిరిగేలోపు ప్రతి ఒక్కరూ ఒక్కరినైనా తీసుకురావాలి, లేకపోతే హాలు వదులుకోవాలి అని పాస్టర్ గారు చెప్పేశారు. నేనెవరిని తీసుకురాను? మీ అన్నయ్యనే లాక్కుపోవాల్సి వస్తోంది. ప్రసంగం మొదలవగానే ఆయన తల వంచుతారు, అది ప్రార్థనో నిద్రో దేవుడికే తెలియాలి.

ఇక్కడ పని మామూలే. చిరిగిన దుప్పట్లకి అతుకులు, రోగుల గౌన్లకి నాడాలు. గోడకి కొత్తగా ఒక కాగితం అంటించారు, పని వేళల్లో మతం, రాజకీయం మాట్లాడకూడదని. నాకు రాజకీయం రాదు కాబట్టి ఆ కాగితం నా కోసమే అనుకోవాలి.

పక్క మిషను మీద కొత్తమ్మాయి చేరింది. డాక్టర్ల కోట్లకి గుండీలు కుడుతుంది, అందరం గుండీ అనే పిలుస్తాం. నోటి దురుసు ఉంది గానీ మనసు మంచిది. దేవుడంటే కోపం లేదు, ఇష్టమూ లేదు. ఆ సంగతి తనకి ఎవరూ చెప్పలేదు, అంతే. నా మెడలో సిలువ చూసి, "అక్కా, ఇది మీ పేరులో మొదటి అక్షరమా?" అని అడిగింది.

మొన్న ఆ పిల్లకి ఒక కష్టం వస్తే పక్కన నేనే ఉన్నాను. తర్వాత దుప్పట్ల మూటల మీద కూర్చుని నాకొక సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టేయమంది. మేం ఒట్లు వేయం తల్లీ, మాటిస్తాం అని చేతిలో చేయి వేశాను. అందుకని నీకు కూడా రాయడం లేదు. తన కోసం ప్రార్థన చేస్తానని ఆ పిల్లకి చెప్పాను. "చేస్తే మీ దేవుడికి కొత్తగా ఏం తెలుస్తుంది?" అంది. నువ్వు చెప్పకముందే ఆయనకి అన్నీ తెలుసు అన్నాను. "అబ్బో, మా హాస్టల్ వార్డెన్ లాంటివాడన్నమాట" అంది. నవ్వొచ్చింది నాకు. ఏడుపూ వచ్చింది.

నీ
వదిన


మేడ మీది గది,
ఆదివారం, బట్టలు ఆరేశాక

వదినా,

కృప అందింది. తడవకుండా దాచాను.

నా ఉద్యోగం గురించి అంత తేలిగ్గా మాట్లాడకు. నిన్న ఒక పెద్దాయన రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయాడు. మెకానిక్ వచ్చేదాకా ఫోన్లో ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. "వస్తున్నారండీ, దారిలో ఉన్నారండీ" అనడమే నా పని. ఆలోచిస్తే నీ పనీ అదే. కాకపోతే మా మెకానిక్ చివరికి వస్తాడు.

కోపం తెచ్చుకోకు. నీ మీద కాకపోతే ఇంకెవరి మీద వేస్తాను జోకులు?

ఆ గుండీ నాకు నచ్చింది. అందుకే ఒక మాట చెబుతాను, విను. ఆ పిల్లని పాస్టర్ గారి లెక్కలో వేయకు. నీతో కలిసి అన్నం తింటోందంటే నీ మాటలు వినడానికి కాదు, నువ్వు మంచిదానివని. ఒకరోజు తను ఒక వల పక్కన కూర్చుని తింటున్నానని తెలిస్తే ఆ ముద్ద మింగుడుపడదు. నేను ఆ నీళ్ళలో పుట్టినదాన్ని, నాకు తెలుసు.

నువ్వు వలేసే మనిషివి కాదని కూడా తెలుసు. అయినా చెబుతున్నాను.

అన్నయ్య మోకాళ్ళకి నా మీద కోపం ఉంటే ఉండనీ. మెట్లెక్కేటప్పుడు కుడికాలు ముందు పెట్టమను.

మరదలు


మా వంటగది,
పొద్దున్నే

మరదలికి,

కృప. దాచుకోనక్కర్లేదు, రోజూ పంపుతాను.

నీ జోకుకి కోపం రాలేదు గానీ కొంచెం నొచ్చుకున్నాను. ఆయన వస్తాడు. ఆలస్యమైతే కావచ్చు. ఇంతకంటే వాదించడం నాకు రాదు, స్కూలు చదువుతో ఆగిపోయినదాన్ని.

గుండీ గురించి నీ భయం అర్థమైంది. నేనేమీ బోధించడం లేదు. తనే అడుగుతోంది. మొన్న భోజనాల దగ్గర, "మీరు మాట్లాడతారు సరే, ఆయన తిరిగి మాట్లాడతాడా?" అంది. మాటల్లో కాదు అన్నాను. "మరి మీకెలా తెలుస్తుంది, అవతల ఫోన్ పెట్టేయలేదని?" అంది. నీ చెల్లెలై పుట్టాల్సింది. పక్కగదిలో మనిషి ఉంటే చప్పుడు చేయకపోయినా తెలుస్తుంది చూడు, అలా అని చెప్పాను. నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. సాయంత్రం వెళ్ళేటప్పుడు, "అక్కా, ఆ పక్కగది ఏ రోజు తెరిచి ఉంటుంది?" అంది. ఆదివారం అన్నాను. చూస్తానంది.

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చుకున్నాను.

శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో నా భారం దించుకున్నాను. అందరూ కలిసి కన్నీళ్ళతో ప్రార్థించారు. మనసు తేలికపడింది. అందరూ నిన్ను కూడా అడిగారు.

నీ
వదిన


మా వంటగది

మరదలికి,

రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

గుండీని పనిలోంచి తీసేశారు.

ఇక దాయడానికి ఏమీ మిగల్లేదు, అందరికీ తెలిసిపోయింది కాబట్టి రాస్తున్నాను. ఆ పిల్లకి మూర్ఛ ఉంది. పడిపోయే రకం కాదు. ఉన్నట్టుండి చూపు ఎటో నిలిచిపోతుంది, కాసేపు మనిషి ఉండదు. మళ్ళీ వచ్చేస్తుంది. ఒక కష్టం వచ్చిందని మొదట రాశానే, ఆ రోజు చేయి సూది కింద ఉండగానే అలా అయింది. నేను స్విచ్ కట్టేసి చేయి లాగాను. మూర్ఛ ఉందంటే మిషను మీద కూర్చోనివ్వరని, చేరేటప్పుడు దాచిందట. మాత్రలు వేసుకుంటోంది.

సూపర్‌వైజర్ గారు పిలిచి అడిగారు. గుండీ అబద్ధం చెప్పలేదు. ఆయన చెడ్డవాడు కాదు. చొక్కాకి ఒక్క ముడత కూడా పడనివ్వని మనిషి, ఆ రోజు చొక్కా చేతులు పైకి మడిచి, ముఖం దించుకుని కూర్చున్నాడు. "రేపు వేలు పోతే నేనేం చెప్పుకోను? చేరేటప్పుడే దాచారు కదమ్మా" అన్నాడు.

తను ఊళ్ళో వాళ్ళింటికి వెళ్ళిపోవాలి. అక్కడ వాళ్ళ నాన్న భయం కొద్దీ స్నానాల గదికి కూడా గడియ పెట్టుకోనివ్వడట. హాస్టల్‌కి వచ్చాకే మొదటిసారి తలుపు గడియ పెట్టుకున్నానని నాతో చెప్పి మురిసిపోయింది. ఇప్పుడు ఆ గది ఖాళీ చేయాలి.

ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో. వెళ్ళేటప్పుడు నా వైపు చూసింది. నా మిషను ఆగలేదు, కుడుతూనే ఉన్నాను. ఏం కుట్టానో తెలియదు. గౌనుకి రెండు నాడాలూ ఒకవైపే కుట్టేశాను.

నా కోసం ప్రార్థన చేయమని నిన్ను అడగలేను. ఊరికే తలుచుకో.

వదిన


మేడ మీది గది,
పనికి వెళ్ళబోతూ

వదినా,

ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో అని రాశావు. నీకు తెలుసు. లేకపోతే రెండుసార్లు చింపవు.

శుక్రవారం భారం దించుకున్నావు. ఎవరి భారం?

నేను ఆ చర్చిలో పెరిగాను. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరూ మనవి చెబుతారు, కూడికకి రానివాళ్ళకి ఆ మనవులు ఫోన్లో అందుతాయి. తెల్లారేసరికి మంచం మీదున్నవాళ్ళు కూడా నీ కష్టం కోసం ఏడుస్తుంటారు. ఎవరూ చాడీలు చెప్పరు. ప్రార్థిస్తారు, అంతే.

నేను చర్చి ఎందుకు మానేశానో నువ్వు ఎప్పుడూ అడగలేదు. చదువు ఎక్కువై, లోకం పట్టి, అని మీరంతా అనుకున్నారు. అదేం కాదు. మా ఆయన నన్ను వదిలేసి వెళ్ళాడని మొదట అమ్మకి ఒక్కదానికే చెప్పాను. ఇంకా నాకే నమ్మకం కుదరలేదు, రేపో మాపో వస్తాడని చెప్పులు కూడా గుమ్మంలోంచి తీయలేదు. ఆదివారం చర్చికి వెళితే ఒక ముసలాయన నా నెత్తిన చేయి పెట్టి, "భర్త వదిలిన ఈ బిడ్డను జ్ఞాపకం చేసుకో తండ్రీ" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. నా మొగుడు వెళ్ళిపోయాడని నేను ఆయన నోటి నుంచి విన్నాను వదినా. అప్పటిదాకా నేనింకా ఆ మాట అనుకోలేదు.

అమ్మ ప్రేమతోనే నా గురించి కూడికలో మనవి పెట్టింది. నేను ఆవిడతో పోట్లాడలేదు. చర్చికి వెళ్ళడం మానేశాను. తిట్టి ఉంటే వచ్చేదాన్నేమో.

నువ్వు అలాంటిదానివి కాదనుకున్నాను. ఉత్తరంలో నాకు కూడా రాయనని బిగించుకుని కూర్చున్నావు కదా, మురిసిపోయాను. కంచే చేను మేసిందంటే ఇంకెవరికి చెప్పుకుంటారు?

ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు. సంజాయిషీలు పట్టుకెళ్ళకు.

మరదలు


మా వంటగది,
వాన

మరదలికి,

నిజమే, చెప్పింది నేనే.

పేరు ఎత్తలేదు. మా కుట్టుగదిలో గుండీలు కుట్టే అమ్మాయి, మూర్ఛతో బాధపడుతోంది, ఎవరికీ చెప్పుకోలేకపోతోంది అని మనవి పెట్టాను. మాట తప్పుతున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు, నన్ను నమ్ము. మనుషులకి చెబుతున్నాననుకోలేదు. దేవుడికి చెబుతున్నాను, మనుషులు చుట్టూ ఉన్నారంతే. ఇన్నేళ్ళుగా అలాగే అలవాటు. అది చెప్పడం కిందకి వస్తుందని నాకు తట్టనే లేదు.

సూపర్‌వైజర్ గారి తల్లి మన చర్చి ఆవిడే. మంచం పట్టి చాలా కాలమైంది, ఎవరో ఫోన్లో మనవులు చెబుతారు. కొడుకు చర్చికి రాడు. చెవుడు వల్ల ఆవిడ ప్రార్థన వీధి చివరికి వినిపిస్తుంది. కొడుకు అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆశీర్వాదం చెబుతూ, మా అబ్బాయి పనిచేసే చోట గుండీలు కుట్టే మూర్ఛ బిడ్డని కాపాడు ప్రభువా అంది. ఆయన చేయి కడిగేసుకుని లేచాడట. ఇదంతా ఆవిడే నాకు సంతోషంగా చెప్పింది, ప్రార్థనకి జవాబు వచ్చింది, ఆ అమ్మాయిని మిషను మీంచి తప్పించారు, వేళ్ళు దక్కాయి అని. ఆవిడ మాట అబద్ధమని కూడా అనలేను. అదే నన్ను తినేస్తోంది.

ఇంకొకటి రాయాలి. కూడికలో అందరూ కొడుకుల గురించి, కోడళ్ళ గురించి మనవులు చెబుతారు. నేను బయటి మనిషి గురించి చెప్పాను. అందరూ నా వైపు తిరిగి అయ్యో అన్నారు. పాస్టరమ్మ గారు నా చేయి పట్టుకున్నారు. ఆ అయ్యో నాకు బాగుంది మరదలా. చాలా బాగుంది.

హాస్టల్‌కి వెళ్ళాను. పెట్టె సర్దుతోంది. కూర్చోమంది. నువ్వు చెప్పినట్టు సంజాయిషీ పట్టుకెళ్ళలేదు, నేనే చెప్పాను, తప్పయింది అన్నాను. తెలుసు అంది. ఎవరి దగ్గర చెప్పానో, ఎందుకు చెప్పానో అడిగింది. దాచకుండా చెప్పాను. చాలాసేపు మడతపెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడతపెట్టింది. తర్వాత నెమ్మదిగా, "ఆయనకి నేను చెప్పకముందే తెలుసన్నారు కదక్కా. తెలిసినవాడికి మళ్ళీ అంత గట్టిగా ఎందుకు చెప్పారు?" అంది.

చిన్నప్పటి నుంచి విన్న ప్రసంగాలన్నీ జవాబు కోసం వెతుక్కున్నాను.

నేను లేస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. నాకొక మాటివ్వండి అంది. "నా గురించి ప్రార్థన చేయకండి. మీ కూడికలో అని కాదు. ఇంట్లో, ఒంటరిగా, మనసులో కూడా వద్దు. నన్ను మీ దేవుడి ముందు పెట్టకండి."

నా చేతిలో ఆ పిల్లకి ఇవ్వడానికి ఉన్నది అదొక్కటే. అదే వద్దంది. ఇవ్వనంటే మళ్ళీ తన మాట కాదన్నట్టే. మాటిచ్చాను.

నీకు ఇది పెద్ద సంగతిలా తోచకపోవచ్చు. రోజూ పొద్దున మోకరిస్తాను. మీ అన్నయ్య, నువ్వు, పాస్టర్ గారు, వార్డుల్లో రోగులు, వరుసగా వస్తారు. ఆ పిల్ల దగ్గరికి రాగానే నోరు మూసుకుంటాను. మనసుని కూడా అటు పోనివ్వకుండా దుప్పట్లు, నాడాలు అని ఏదో తలుచుకుంటాను. తల్లి పిల్ల నోటి దగ్గర గిన్నె లాగేసుకున్నట్టుంది. ఆమెకి ఇంట్లో గడియ పెట్టుకోనిస్తున్నారో లేదో. మాత్రలు వేసుకుంటోందో లేదో. అడగకూడదు.

కూడికలో నా వంతు వస్తే మనవి ఏమీ లేదంటున్నాను. నాకు భక్తి చల్లబడిపోయింది అనుకుంటున్నారు. ఏడాది చివర హాలు ఖాళీ చేయాలని పాస్టర్ గారు చెప్పారు. నేను ఎవరినీ తీసుకురాలేదు. వచ్చే మనిషిని గుమ్మంలోంచే తిప్పి పంపాను.

అత్తయ్య చేసిన పని నాకు తెలియదు. తెలిసుంటే ఏం చేసేదాన్నో ఇప్పుడు చెప్పడం సులువు. ఇన్నేళ్ళూ నిన్ను అడగనందుకు క్షమించు. అడగకుండానే నీ కోసం ప్రార్థన చేస్తూ ఉన్నాను. వద్దంటావా? వద్దంటే ఆపేస్తాను. నిజంగా అడుగుతున్నాను.

వదిన


మేడ మీది గది

వదినా,

నాకు ఆపకు. అలవాటైపోయింది. ఆపేస్తే ఏదో మెట్టు తప్పినట్టుంటుంది. కానీ నా గురించి ఏం చెబుతున్నావో ముందు నాకు చెప్పి అప్పుడు చెప్పు. అందులో సగం తప్పులే ఉంటాయి, దిద్దుతాను.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు మంచిదానివే, నీ తప్పేం లేదు అని రాయాలని కూర్చున్నాను. రాయలేను. తప్పు ఉంది. ఆ పిల్ల బతుకు నీ వల్ల వెనక్కి వెళ్ళింది. అది నేను తేలిక చేయలేను, నీ పాస్టర్ గారు కూడా చేయకూడదు.

అమ్మ నా దగ్గరికి వచ్చి, నేనే చెప్పాను, తప్పయింది అని ఒక్కసారి అని ఉంటే ఏమయ్యేదో అనుకున్నాను. తెలియదు. నువ్వు వెళ్ళావు. అంతవరకు రాసిపెడుతున్నాను.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని ఆలోచించాను. మాటిచ్చింది నువ్వు. నన్ను ఎవరూ మాట అడగలేదు. నిన్న సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఆ అమ్మాయి గురించి ఒక మాట అన్నాను. పైకే అన్నాను, ఇంట్లో ఎవరూ లేరు కదా. నాకు పేరు తెలియదు, గుండీ అనే అన్నాను. గడియ సంగతి, మాత్రల సంగతి. ఆమేన్ అనలేదు. ఎవరితో అన్నానో నన్ను అడగకు, నాకే తెలియదు. ఖాళీ ఇంట్లో మాట్లాడినట్టే ఉంది. కుళాయి కట్టేసి కాసేపు నిలబడ్డాను. ఏమీ వినిపించలేదు.

రేపు మళ్ళీ అంటానేమో. అననేమో కూడా.

ఇది చదివి ఏడుస్తావని తెలుసు. ఏడువు. కానీ వదినా, శుక్రవారం మీ ఆడవాళ్ళ మధ్య లేచి నిలబడి, నా మరదలు ప్రార్థన చేసింది అని సాక్ష్యం చెప్పావో, ఇదే నా చివరి ఉత్తరం. అన్నయ్యకి కూడా చెప్పకు. చదివి నీ దగ్గరే ఉంచుకో.

మరదలు